అలెగ్జాండర్‌కీ స్కందుడికీ చుట్టరికం కలపకండి బాబూ

మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఆ ఫార్వర్డ్ మూడోసారి వచ్చింది, ఈసారి పంపింది మా బాబాయి, ఇక ఊరుకోలేక రాస్తున్నా. అందులో ఉన్నది ఇదీ: అలెగ్జాండర్ అసలు పేరు సంస్కృతంలో అలక్షేంద్రుడు, అర్థం విశ్వవిజేత, ఆ పేరు మొదట పెట్టుకున్నది ఆయనే, సికందర్ అంటే మన స్కందుడే, ఆయన సైన్యం దిగిన చోటే సికింద్రాబాద్.

ముందు అర్థం చూద్దాం. గ్రీకులో అలెక్సీన్ అంటే కాపాడటం, అడ్డుపడటం, అండ్రోస్ అంటే మగవాడికి సంబంధించిన మాట, రెండూ కలిపితే మనుషుల్ని కాపాడేవాడు. ఇందులో విశ్వమూ లేదు, విజయమూ లేదు.

అలక్షేంద్రుడు అనేది మనవాళ్ళు తర్వాత సంస్కృతంలోకి తిప్పుకున్న రూపం. పాత రూపం కావాలంటే అశోకుడి 13వ శిలాశాసనం చూడాలి, అక్కడ వేరే గ్రీకు రాజు ఒకడి పేరు 'అలికసుదర' అని చెక్కి ఉంది. అసలు పేరులోనే 'క్ష' ఉంటే క, సు అని అలా విడదీసి తిప్పలు పడటం ఎందుకు? చెవిన పడ్డ పరాయి పేరుని నోరు తిరిగినట్టు రాసుకున్నారు, అంతే.

మొదట పెట్టుకున్నది ఆయనేనా? అస్సలు కాదు, అసలు ఆయన ఏలిన మాసిడోనియా రాజుల లెక్కలోనే ఆయన మూడో అలెగ్జాండర్. మొదటి అలెగ్జాండర్ ఒలింపిక్స్‌లో పరిగెత్తడానికి వెళ్తే నువ్వు గ్రీకువాడివే కాదు పో అన్నారట, పాపం వంశం నిరూపించుకుని మరీ పరిగెత్తాడని పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. రెండో అలెగ్జాండర్ మనోడికి స్వయానా పెదనాన్న. మేనమామ పేరూ అదే, ఆయన పక్కనే ఉన్న ఎపిరస్ రాజ్యానికి రాజు, క్రీ.పూ. 336లో సొంత మేనకోడల్నే చేసుకున్నాడు (మనవాళ్ళకి ఇది వింతేం కాదు), ఆ పెళ్ళి సంబరాల్లోనే పెళ్ళికూతురి తండ్రి, అంటే మన అలెగ్జాండర్ నాన్న ఫిలిప్, హత్యకి గురయ్యాడు. ఇంకా వెనక్కి వెళ్తే గ్రీకు కావ్యం ఇలియడ్‌లో హెలెన్‌ని ఎత్తుకెళ్ళిన పారిస్‌ని ఎక్కువసార్లు అలెగ్జాండ్రోస్ అనే పిలుస్తారు. అంతకన్నా పాతది గ్రీసులోని మైసీనీ అనే పాత పట్నంలో దొరికిన మట్టి పలక, క్రీ.పూ. 13వ శతాబ్దానిది, దాని మీద 'అ-రె-క-స-ద-ర' అని ఉంది, అంటే అలెగ్జాండ్రా, ఒక ఆడమనిషి పేరు! విశ్వవిజేత పుట్టింది క్రీ.పూ. 356లో, లెక్క మీరే వేసుకోండి.

స్కందుడి సంగతికొస్తే, సికందర్‌లో 'స్క' కనిపించగానే లంకె పెట్టేశారు. గ్రీకులో అది 'క్స', అరబ్బుల నోట్లో తిరగబడి 'స్క' అయింది. అరబిక్‌లో 'అల్' అనేది పేర్ల ముందు వచ్చే చిన్న మాట, దాంతో అలెక్సాండ్రోస్‌లో మొదటి 'అల్' కూడా అదే అనుకుని విడగొట్టారు, మిగిలింది ఇస్కందర్, అదే పారశీకం మీదుగా మన దాకా వచ్చేసరికి సికందర్. ఈజిప్టులో అలెగ్జాండ్రియాని ఇప్పటికీ అల్ ఇస్కందరియా అనే అంటారు. ఆ తర్వాత అదొక బిరుదులా అయిపోయింది, అల్లావుద్దీన్ ఖిల్జీ నాణేల మీద రెండో సికందర్ అని వేయించుకున్నాడు, సికందర్ లోడీ అసలు పేరు నిజాం ఖాన్.

నిజంగా చుట్టరికం కావాలంటే అది వేరే చోట ఉంది, ఫార్వర్డ్ రాసినాయనకి తట్టలేదు. 'అలెక్స్' కీ మన 'రక్ష' కీ, 'అండ్ర్' కీ మన 'నర' కీ మూలం ఒకటేనని భాషాశాస్త్రం చెప్తుంది. అంటే అన్నదమ్ముల పిల్లలు, ఒకరికొకరు పుట్టినవాళ్ళు కాదు.

ఇక సికింద్రాబాద్. అలెగ్జాండర్ క్రీ.పూ. 326లో పంజాబ్‌లో బియాస్ నది దగ్గరే వెనక్కి తిరిగాడు, సైనికులు ఇక మా వల్ల కాదన్నారు. మన ఊరికి ఆ పేరు 1806లో వచ్చింది, మూడో నిజాం సికందర్ జా పేరు మీద. ఇదంతా బాబాయికి పంపిస్తే బొటనవేలు ఎమోజీ పెట్టి, పది నిమిషాల్లో ఆండ్రోస్ అంటే ఆంధ్రుడే అని ఇంకోటి ఫార్వర్డ్ చేశాడు.