నడుస్తుండగానే తీశాం

డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ బొమ్మ ఎర్రగా వెలిగితే వెంటనే బండి పక్కకు ఆపి ఇంజిన్ కట్టేయాలని కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం నేను శ్రద్ధగా చదివాను. ఇంజిన్ పోయాక చదివాను.

ఆ రోజు మాత్రం "ఇంకెంత, నాలుగు కిలోమీటర్లేగా, ఇంటికెళ్లాక ఆయిల్ పోద్దాంలే" అనుకున్నాను. మొదటి రెండు కిలోమీటర్లూ హాయిగా గడిచాయి. మూడోదాంట్లో బానెట్ కింద ఎవరో తలుపు కొడుతున్నట్టు టక్ టక్ మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే కొట్టేవాడికి తొందర ఎక్కువైంది. నాలుగోదాంట్లో పాట సౌండు పెంచాను.

అయినా కారు ఇల్లు చేరింది. మర్నాడు అలాగే టకటకలాడుతూ గ్యారేజీకీ చేరింది. ఎవరూ తోయలేదు, తాడు కట్టి లాగలేదు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

మా మెకానిక్ పెద్దాయన, మాటలు తక్కువ. స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్ బ్లాకుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత సంప్ బోల్టు విప్పి ఆయిల్ దింపాడు. రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది నా ముందు పెట్టాడు. ముగ్గులో చల్లే మెరుపుల్లా మిలమిలలాడుతోంది. "బాగుందే" అన్నాను తెలియక.

"ఇదంతా మీ బేరింగే సార్" అన్నాడు.

ఆయిల్ అందక బేరింగు అరిగి పొడైంది, అందులో తిరిగే క్రాంక్ షాఫ్ట్ గీసుకుపోయింది. ఈ మోడల్‌కు కంపెనీ కొత్త ఇంజిన్లు చేయడం ఎప్పుడో మానేసింది. "సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఒకటి చూసుకోండి" అన్నాడాయన, గొడుగొకటి చూసుకోండి అన్నంత తేలిగ్గా.

అక్కణ్ణుంచి మొదలైంది. పాత ఇంజిన్లు అమ్మేవాళ్లు ఎంతమంది ఉన్నా వాళ్లందరికీ ఉన్నది ఒకే వాక్యం: "నడుస్తుండగానే తీశాం సార్." ఫోనెత్తి హలో అనకముందే ఆ మాట వచ్చేది. మొదట్లో నాకు ఎంతో ధైర్యంగా ఉండేది. మెకానిక్‌తో చెబితే ఆయన పానా తుడుచుకుంటూ, "మరి నడుస్తుంటే ఎందుకు తీశారో అడగండి" అన్నాడు. అడిగాను. ఒకాయన లైను కట్ చేశాడు. ఇంకొకాయన "అంత అనుమానమున్నవాళ్లు కొత్త కారు కొనుక్కోవాలి" అని సలహా ఇచ్చాడు. మూడో ఆయన నాతో పాటే ఆలోచనలో పడ్డాడు.

రెండో వాక్యం, "తక్కువ తిరిగింది." కిలోమీటర్ల మీటరు ఉండేది కారులో, ఇంజిన్‌లో కాదు. కారు నుంచి విడిపోయిన ఇంజిన్‌కు వయసు ఎంత చెబితే అంత. పైగా ఇది స్పోర్ట్స్ కారు. దీన్ని కొన్నవాడెవడూ రెండు వేల ఆర్‌పీఎంలో జోగుతూ నడపడానికి కొనడు. కానీ అమ్మకానికి వచ్చిన ప్రతి ఇంజినూ ఎవరో రిటైరైన మాస్టారు ఆదివారం పూట మాత్రమే బయటికి తీసినదే. అంతమంది మాస్టార్లు స్పోర్ట్స్ కార్లు ఎప్పుడు కొన్నారో!

ఒకాయన ఇంజిన్ తిరుగుతున్న వీడియో పంపాడు. పన్నెండు సెకన్లు. పడుకునే ముందు చెవి దగ్గర పెట్టుకుని పదే పదే వింటుంటే మా ఆవిడ లేచి కూర్చుంది.

"ఏమండీ, ఏమిటా మోత?"

"టాపెట్లు కొడుతున్నాయేమో అని వింటున్నా."

"కొడితే నేనే కొడతాను, లైటు ఆర్పండి."

పొద్దున్నే మెకానిక్ ఆ వీడియో ఒక్కసారే చూశాడు. అప్పటికే వేడెక్కిన ఇంజిన్‌కు వీడియో తీశారట. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే దాని రోగాలు బయటపడతాయట. నాకు పొద్దున నిద్రలేచిన మొదటి నిమిషం గుర్తొచ్చి వెంటనే నమ్మేశాను.

ఇక లాభం లేదని స్వయంగా వెళ్లి చూడటం మొదలుపెట్టాం. మొదటిది ధగధగలాడుతోంది. వెండి రంగు వేశారు. బ్లాకుకు వేశారు, హెడ్‌కు వేశారు, ఆ ఊపులో రబ్బరు బెల్టుకూ వేశారు. మెకానిక్ ఆయిల్ మూత తిప్పి వెనకవైపు చూపించాడు. పాల మీగడలాంటి నురగ. ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందేమోనని అనుమానం. మూత మళ్లీ బిగించి మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేశాడు.

రెండోదాన్ని నేనే చూస్తానన్నాను. స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలోంచి సన్నటి కెమెరా దింపాను. పిస్టన్ నెత్తి మీద నెలవంకల్లాంటి గుర్తులు, ఎంత అందంగా ఉన్నాయో. "కంపెనీ ముద్రా?" అన్నాను. "టైమింగ్ బెల్టు తెగి వాల్వులు వచ్చి గుద్దిన ముద్ర" అన్నాడు మెకానిక్. తర్వాత కెమెరా ఆయనే పట్టుకున్నాడు.

మూడోదానికి కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందో చూడటం. ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, స్టార్టర్‌తో తిప్పితే గేజ్ మీద అంకెలు పడ్డాయి: 172, 170, 175. నా గుండె నిండిపోయింది. నాలుగో సిలిండర్ 90. అమ్మేవాడు ఏమాత్రం తొణకలేదు. "నాలుగింట్లో మూడు ఫస్ట్ క్లాసు సార్. ఆ ఒక్కటీ వీళ్లతో తిరిగితే అదే దార్లోకొస్తుంది." మెకానిక్ ఆ సిలిండర్లో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూశాడు. అంకె పెరిగితే రింగులు పోయినట్టు, పెరగకపోతే తప్పు వాల్వులదో గ్యాస్కెట్‌దో. పెరగలేదు.

తిరుగు దారిలో ఆయన జీవితంలో అతి పొడవైన ఉపన్యాసం ఇచ్చాడు. "వెనక నుంచి గుద్దించుకున్న కారు దొరకాలి సార్. వెనక నుజ్జయినా ముందున్న ఇంజిన్‌కు సాధారణంగా ఏమీ కాదు. ఎందుకు తీశారన్నదానికీ జవాబు ఉంటుంది."

అదిగో, అప్పట్నుంచి నా బుద్ధి పాడైంది. రోడ్డు మీద నా మోడల్ కారు కనబడితే చాలు, చూపు దాని వెనక బంపర్ మీదకే. దాని వెనకాలే లారీ వస్తుంటే లోపల ఏదో చిన్న ఆశ. ఒకసారి సిగ్నల్ దగ్గర మా ఆవిడ నా మొహం చూసి, "ఎవరి కొంప ముంచాలనండీ ఆ చూపు?" అంది. సిగ్గుపడ్డాను. గ్రీన్ పడేవరకూ పడ్డాను.

చివరికి అలాంటిదే దొరికింది. నెత్తురు చుక్క చిందలేదు, డిక్కీ మాత్రం వెనక అద్దం దాకా వచ్చేసింది. కారులోంచి తీయకముందే చల్లటి ఇంజిన్‌ను మా ఎదుటే స్టార్ట్ చేశారు. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గర అంకెలే చూపించాయి. ఇంజిన్ నంబరు కాగితాలతో సరిపోయింది. కొనేశాను.

ఖర్చు అయిపోయిందనుకుంటే మెకానిక్ కొత్త వాక్యం ఎత్తుకున్నాడు: "ఎలాగూ ఇంజిన్ బయటే ఉంది కదా సార్." ఆ ఒక్క వాక్యంతో టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, క్లచ్, వెనక ఆయిల్ సీలు అన్నీ కొత్తవి వచ్చాయి. పాత ఆయిల్ కూలర్ కూడా పారేయించాడు, అందులో నా బేరింగు మెరుపులు ఇంకా దాక్కుని ఉంటాయట. వాదించలేదు. వాటితో నాకు పరిచయం ఉంది.

పాత ఇంజిన్ గ్యారేజీ మూలన పడి ఉంటే, హెడ్ బాగానే ఉంది, ఎవరికైనా పనికొస్తుంది, అమ్మెయ్యమన్నాడు. ప్రకటన ఇచ్చాను. కొత్త ఇంజిన్ ఆయిల్ ఎంతుందో డిప్‌స్టిక్‌తో ఆరోసారి చూసుకుంటుండగా ఫోను మోగింది.

"సార్, ఇంజిన్ ఎలా ఉంది?"

నేను ఆలోచించనేలేదు. నోరే అనేసింది: "నడుస్తుండగానే తీశాం."

అబద్ధమేమీ కాదు. ఇంటికి నడిచింది, గ్యారేజీకి నడిచింది. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం.

"మరి నడుస్తుంటే ఎందుకు తీశారు సార్?"

వీడికీ ఎక్కడో ఒక పెద్దాయన ఉన్నాడన్నమాట. "ఒక్క నిమిషం, మా మెకానిక్‌కి ఇస్తున్నా" అని వెనక్కి తిరిగాను. ఆయన అప్పటికే కారు కిందకు దూరిపోయాడు.