షార్లెట్‌ను ఏమి చేశారు?

పాత నవలను ఈ కాలానికి తెచ్చి ప్రేమకథగా మళ్లీ రాశారంటూ ఎవరైనా పుస్తకం చేతిలో పెడితే, నేను నాయికా నాయకుల సంగతి పట్టించుకోను. వాళ్లు మొదట కీచులాడుకుంటారు, ఆఖరికి ఒకటవుతారు. ఆ మాత్రం అట్ట చూస్తేనే తెలిసిపోతుంది. నేను వెతికేది షార్లెట్ కోసం.

జేన్ ఆస్టెన్ 1813లో వెలువరించిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో షార్లెట్ లూకస్ కథానాయిక ఎలిజబెత్‌కు ప్రాణస్నేహితురాలు. వయసు 27. చెప్పుకోదగ్గ అందమూ లేదు, ఆస్తీ లేదు. ఎలిజబెత్ కాదు పొమ్మన్న కాలిన్స్ అనే వాగుడుకాయ మతాచార్యుడు మూడు రోజులు తిరగకుండానే షార్లెట్‌ను అడుగుతాడు, ఆమె సరేనంటుంది. పెళ్లయిన తరువాత ఎలిజబెత్ ఆ ఇంటికి చుట్టపుచూపుగా వెళుతుంది. ఆడవాళ్లు కూర్చునే గది ఇంటి వెనుక వైపు ఉంటుంది. ముందువైపు ఇంతకంటే పెద్దగది, మంచి గది ఉండగా ఇక్కడెందుకు కూర్చుంటున్నారా అని ఆమె మొదట ఆశ్చర్యపోతుంది. తరువాత బోధపడుతుంది. భర్త గది వీధి వైపు ఉంది. ఆడవాళ్లు కూడా అలాంటి సందడి ఉన్న గదిలోనే కూర్చుంటే ఆయన తన గదిలో ఉండేది తక్కువ, వీళ్ల మధ్య ఉండేది ఎక్కువ. తోటపని ఒంటికి మంచిదని ఆయనను వీలైనంతసేపు బయట ఉంచేది కూడా షార్లెటే. ప్రేమలేని కాపురాన్ని ఒక తెలివైన మనిషి గదుల అమరికతో ఎలా నెట్టుకొస్తుందో ఆస్టెన్ నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు సాగిపోయింది.

ఆ వెనుక గది లేకపోతే ఎలిజబెత్ తెగువకు విలువ లేదు. తండ్రి తదనంతరం వాళ్ల ఇల్లూ భూమీ కూతుళ్లకు రావు, మగవారసుడైన ఈ కాలిన్స్‌కే పోతాయి. అతణ్ణి కాదనడమంటే తల దాచుకునే చోటును కూడా కాదనడమే. ఎలిజబెత్ ఎంత పెద్ద పందెం కాసిందో మనకు తెలియజేసేది, ఆ పందెం కాయలేని షార్లెట్.

ఇప్పటి చాలా కథల్లో షార్లెట్‌కు మిగిలింది ఫోనులో సలహాలిచ్చే సరదా స్నేహితురాలి వేషం. నాయికకు మంచి ఉద్యోగం, సొంత ఇల్లు, అడగకుండానే ఆదుకునే అమ్మానాన్నలు. కాలిన్స్‌ను కాదంటే ఆమెకు పోయేదేమీ లేదు, ఒక సాయంత్రం వృథా కావడం తప్ప. అడ్డంకి లేనప్పుడు రచయితకు దిక్కు అపార్థమే. ఎవరో అన్న మాట సగం చెవిన పడుతుంది, ఎవరో పంపిన సందేశం చేరదు. ఒక్క ఫోనుతో తీరిపోయే తగువును మూడు వందల పేజీలు సాగదీస్తారు. నాయకుడు డార్సీ పరిస్థితి మరీ విచిత్రం. ఆయన ఏడాది రాబడి 10,000 పౌండ్లను కోట్ల డాలర్లు చేస్తారు, పొగరును కూడా అదే లెక్కన పెంచుతారు. మూలంలో ఎలిజబెత్ ముఖం మీద కొట్టినట్టు కాదన్నాక ఆ మనిషి సిగ్గుపడ్డాడు, మారాడు. ఆమె చెల్లెలి పరువు నిలపడానికి డబ్బు పోసి, ఆ సంగతి ఆమెకు తెలియకుండా దాచాడు. కొత్త డార్సీలకు మారే పని లేదు. మొరటుతనమే మగతనంగా చెలామణీ అవుతోంది.

ఇలా అన్నానని తిరిగి రాయడమే తప్పనే పెద్దల పక్షాన నన్ను చేర్చకండి. మన నవలకు పునాది వేసిందే ఆ పద్ధతి. కందుకూరి వీరేశలింగం 1878లో ‘రాజశేఖర చరిత్రము’ మొదలుపెట్టినప్పుడు ఆయన ముందున్నది గోల్డ్‌స్మిత్ 1766 నాటి ఇంగ్లీషు నవల, ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’. అందులో మతాచార్యుడి సొమ్ము దాచిన వ్యాపారి దివాలా తీసి ఉడాయిస్తాడు, కుటుంబం వీధిన పడుతుంది. పంతులుగారు ఆ వ్యాపారిని తీసుకురాలేదు. బంగారం చేసిపెడతానని నమ్మించి ఉన్న బంగారం ఎత్తుకుపోయే దొంగ యోగిని తెచ్చారు. కుటుంబం చితికిపోవడం అక్కడా ఇక్కడా ఒకటే. చితికిపోవడానికి కారణం మాత్రం తన చుట్టూ ఉన్న జనం నుంచి తీసుకున్నారు.

పాత కథకు తమ చుట్టూ ఉన్న జనంలో సాటి వెతికే ఆ శ్రమ తీసుకున్నవాళ్లు ఇప్పుడూ లేకపోలేదు. గురీందర్ చడ్ఢా 2004లో తీసిన ‘బ్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో కాలిన్స్ కోహ్లీ అయ్యాడు. లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడి, అమెరికా గొప్పలు చెప్పుకుంటూ పిల్లను వెతుక్కోవడానికి అమృత్‌సర్ వచ్చిన అకౌంటెంటు. అమెరికా సంబంధాలు చూసిన తెలుగువారికి ఆ పాత్రను ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు! నాయిక కాదన్న అతణ్ణి స్నేహితురాలు చంద్ర చేసుకుని విమానం ఎక్కేస్తుంది. సినిమాలో పాటలూ హంగులూ మోతాదు మించినా, చంద్ర లెక్క మాత్రం అచ్చంగా షార్లెట్ లెక్కే. 2012లో యూట్యూబ్‌లో వచ్చిన ‘ది లిజీ బెనెట్ డైరీస్’ ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులో కాలిన్స్ పెళ్లి అడగడు, ఉద్యోగం ఇస్తానంటాడు. చదువు మధ్యలో మానేయాలి కనుక లిజీ వద్దంటుంది. షార్లెట్ చదువు వదిలేసి ఆ ఉద్యోగంలో చేరుతుంది. స్నేహితురాళ్లిద్దరూ దాని గురించే గట్టిగా దెబ్బలాడుకుంటారు. పెళ్లి అన్న మాటే లేకుండా ఆస్టెన్ బాధను అంత సూటిగా పట్టుకున్నవాళ్లు అరుదు.

ఆస్టెన్ ‘ఎమ్మా’ ఆధారంగా 1995లో వచ్చిన ‘క్లూలెస్’ సినిమాను చాలామంది దుస్తుల కోసం గుర్తుపెట్టుకున్నారు. నాకు గుర్తున్నది పనిమనిషి లూసీ. మూలంలో ఎమ్మా అందరి ముందూ మిస్ బేట్స్ అనే పేద ముసలి కన్యను ఎగతాళి చేస్తుంది. బతికి చెడిన మనిషిని అలా అనవచ్చా అని కుటుంబ స్నేహితుడు నైట్లీ ఆమెను మందలిస్తాడు. సినిమాలో షెర్ అనే ధనవంతుల పిల్ల, తనకు మెక్సికన్ భాష రాదని లూసీతో నోరు జారుతుంది. లూసీది ఎల్ సాల్వడార్. ఆమె కోపంతో వెళ్లిపోతుంది, ఇక్కడ నైట్లీ స్థానంలో ఉన్న జాష్ షెర్‌కు చీవాట్లు పెడతాడు. రెండు నిమిషాలు కూడా పట్టని సన్నివేశం. ఆ కాలపు ఇంగ్లండులో బతికి చెడిన కులీనులు ఉన్న చోట ఈ కాలపు కాలిఫోర్నియాలో ఎవరు ఉంటారో దర్శకురాలు ఎమీ హెకర్లింగ్‌కు తెలుసు.

‘జేన్ ఐర్’ను ఇలా తిరగరాసేవాళ్లను చూస్తే మాత్రం జాలి వేస్తుంది. 1847 నాటి ఆ నవలలో రోచెస్టర్ మతి చలించిన భార్యను మేడ మీద దాచి జేన్‌ను పెళ్లాడబోతాడు. మతిస్థిమితం లేదన్న కారణంతో విడాకులు ఇవ్వడానికి ఇంగ్లండులో 1937 దాకా చట్టం ఒప్పుకోలేదు. ఇప్పటి రోచెస్టర్‌కు ఆ బంధనం లేదు, వకీలు దగ్గరకు వెళితే సరిపోతుంది. అందుకని రచయితలు ఆ భార్యను చనిపోయినట్టో, మాయమైనట్టో, ఏకంగా దుర్మార్గురాలైనట్టో మార్చేస్తుంటారు. దానితో జేన్ ఇల్లు విడిచి వెళ్లడానికి కారణమే మిగలదు. నన్నడిగితే ఆ కథను లండన్‌లోనో న్యూయార్క్‌లోనో పెట్టకూడదు. ఫిలిప్పీన్స్‌లో ముస్లింలకు తప్ప మిగిలిన పౌరులకు నేటికీ విడాకుల చట్టం లేదు. మనీలాలో ఉండే రోచెస్టర్ గురించి ఎవరైనా రాస్తే, ఆ పుస్తకాన్ని అరువు అడగకుండా కొనుక్కుని చదువుతాను.