సవరణ: అరకు కాఫీలో పండు కిలో వేరు, గింజ కిలో వేరు

అరకు కాఫీ మీద కిందటి పోస్టులో "కిలో కాఫీకి రైతుకు దక్కే ధర" అని ఉన్నచోట "కిలో కాఫీ పండ్లకు" అని చదవండి. తేడా చిన్నది కాదు. సుమారు ఆరు కిలోల అరబికా రకం కాఫీ పండ్లుంటే గానీ కిలో పచ్చి గింజ (వేయించనిది) రాదు, వేయిస్తే అదీ తగ్గుతుంది. పండు ధరను ప్యాకెట్ ధరతో నేరుగా పోల్చకూడదు.

రైతుల నుంచి "ఎండిన కాయలే కొంటారు" అని అదే పోస్టులో అన్న మాట కూడా కొనేవాళ్లందరికీ వర్తించదు. నాంది ఫౌండేషన్ లాంటి సంస్థలు గిరిజన రైతుల నుంచి తాజా ఎర్ర పండ్లు తీసుకుంటాయి. ఆలస్యం లేకుండా తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, తేమ 11 శాతం దగ్గరికి వచ్చేదాకా ఆరబెట్టాలి. ఎకరం, రెండెకరాల రైతు ఒంటరిగా ఇదంతా చేయడం కష్టం. ఇలాంటి సంస్థలతో భాగస్వామ్యం నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. అయితే పచ్చికాయ కలవకుండా విడతలవారీగా ఏరి కోసేది రైతు కుటుంబమే. ఆ శ్రమకు ధరలో అదనపు విలువ కట్టి తీరాలి.

ఇంకొకటి. 2019లో అరకు అరబికాకు దక్కిన భౌగోళిక గుర్తింపు (జీఐ) పుట్టినచోటుకు సంబంధించింది, రుచి మార్కులకు కాదు. స్పెషాలిటీ, అంటే మేలైన నాణ్యత గల కాఫీ, అనిపించుకోవాలంటే రుచి పరీక్షలో 100కి కనీసం 80 మార్కులు రావాలి.