ఓడ మూత

దోహాలో మా అబ్బాయి దగ్గరికి వచ్చి పది రోజులైంది. "ఇవాళ ఒక్కడివే తిరిగిరా నాన్నా. పొద్దున లైబ్రరీ, సాయంత్రం కతారా బీచిలో ఓడల పండగ. రెంటికీ మెట్రోయే" అంటూ కాగితమ్మీద స్టేషన్ల పేర్లు రాసిచ్చాడు. నేను చెప్పులు వేసుకుంటూండగా మా ఆవిడ ఓ చీరలకొట్టు సంచి తెచ్చి చేతికి తగిలించింది.

"ఎటూ అటే కదండీ వెళ్తున్నారు. మా అక్క కొడుకు సాయంత్రం అక్కడికే వస్తాట్ట. వాడికిచ్చెయ్యండి."

ఆవకాయ. రెండు కిలోల గాజుసీసా. తెనాలి నుంచి హైదరాబాదు దాకా రైల్లో ఊగి, అక్కణ్ణించి నాలుగ్గంటలు విమానంలో పెట్టె అడుగున పొర్లి, ఒక్క బొట్టు కార్చని సీసా. దాని నిబ్బరం మీద నాకు అనుమానం లేదు. కాకపోతే ముందురోజు రాత్రి అందరూ పడుకున్నాక పెరుగన్నంలోకి ఓ టెంకముక్క తీసుకున్నవాణ్ణి నేనే. చీకట్లో మూత పెట్టినవాణ్ణీ నేనే.

లైబ్రరీ పేరుతోనే గ్రీన్ లైనులో స్టేషనుంది. టికెట్టు రెండు రియాళ్లు, రైలుకి డ్రైవరు లేడు. పైకొచ్చి చూస్తే ఎదురుగా ఖతార్ నేషనల్ లైబ్రరీ: విస్తరి మూలలు పట్టుకుని ఎత్తినట్టున్న భవనం. రెమ్ కూల్‌హాస్ అనే డచ్చి ఆర్కిటెక్టు గీసిన నమూనా. లోపల నడిమధ్య నిలబడితే మొత్తం ఒక్క చూపుకి అందుతుంది. నేలంతా తెల్ల పాలరాయి. అలమరలూ అదే రాయి, నేలే మెట్లుమెట్లుగా లేచి పుస్తకాలు మోస్తున్నట్టు. 2018లో లాంఛనంగా ప్రారంభించిన రోజున ఇక్కడి అమీరు పది లక్షలవ పుస్తకాన్ని స్వయంగా అరలో పెట్టాడు. నా చిన్నప్పటి లైబ్రరీలో ఎర్ర గచ్చు ఉండేది. ఆ రంగు విలువ ఆవేళ తెలిసింది.

మధ్యలో ఆరు మీటర్ల లోతున తవ్వితీసిన పాతనగరంలాంటి చోటుంది. గోధుమరంగు రాతి గోడల మధ్య అరబ్బీ రాతప్రతులు, ప్రాచీన పటాలు. ఒక పటమ్మీద వంగి మచిలీపట్నం వెతుకుతున్నా. సిలోను దాటి కోరమాండల్ తీరం వెంబడి పైకి వస్తూండగా మోకాలికి చల్లగా తగిలింది.

సంచి అడుగున ఎర్రటి బొట్టు. పడాలా వద్దా అని ఆలోచిస్తోంది.

అరచెయ్యి పట్టాను. పడింది. వెనకాలే ఇంకోటి తయారు. జేబురుమాలు కుక్కాను, ఐదు నిమిషాల్లో అదీ నిండింది. చుట్టూ శతాబ్దాల నాటి కాగితాలు, నా చేతిలో గుంటూరు కారం కలిసిన నువ్వులనూనె. చివరికి సంచిని చంటిపిల్లాణ్ణెత్తుకున్నట్టు పొట్టకి హత్తుకున్నా. చొక్కా అద్దుడుకాగితంలా పనిచేసింది. ఎదురైన కాపలా అతను సంచిని చూసి గౌరవంగా పక్కకి తప్పుకున్నాడు, లోపల ఏదో పవిత్రగ్రంథం ఉందనుకున్నాడేమో. నేలమీద ఒక్క చుక్క పడనివ్వలేదు. లైబ్రరీలో మిగతావేం చూశారంటే మాత్రం చెప్పలేను.

ముషైరిబ్‌లో రెడ్ లైనుకి మారాలి. పెట్టెలో నా చుట్టూ కొంచెం జాగా ఏర్పడింది. వెనక నించి ఓ గొంతు: "కాకా, మామిడికాయ తొక్కు గదా?" జగిత్యాల కుర్రాడట, డ్యూటీ దిగి వస్తున్నాడు. తన సామానులోంచి ప్లాస్టిక్ కవరొకటి ఖాళీ చేసిచ్చి, తన స్టేషనొచ్చేదాకా నా పక్కనే నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంటూ వెళ్లాడు.

కతారా ఒడ్డున వరసగా చెక్క ఓడలు. సంబూక్, బూమ్, బతీల్ అని రకానికో పేరు. నహ్హామ్ అనే పాటగాడు ఎత్తుకుంటే మిగతావాళ్లు చప్పట్లతో అందుకుంటున్నారు. ఓచోట ముత్యపు చిప్పలు కోసి చూపిస్తున్నారు. కాలికి రాయి కట్టుకుని, ముక్కుకి క్లిప్పు పెట్టుకుని మునిగేవారట. ఈ సముద్రం ముత్యాలే బొంబాయి దాకా వెళ్లేవి, బస్రా ముత్యాలన్న పేరుతో మన నిజాముల ఖజానాకీ చేరాయి. 1930ల నాటికి జపాను పెంపుడు ముత్యాలు వీళ్ల బేరం ముంచాయి. ఇదంతా నేను ఒంటికాలి మీద, కవరు జారకుండా, చదివాను.

అవతల ఓ పెద్దాయన ఓడ పలకల సందుల్లోకి నూనెలో తడిపిన దూది పేనుతూ, ఉలి ఆనించి కొయ్యసుత్తితో తట్టి దట్టిస్తున్నాడు. గల్లాఫ్ అంటారు, ఓడలు కట్టేవాడు. నా చొక్కా చూసి పని ఆపాడు.

"అచార్?"

గల్ఫులో ఆ మాట అందరికీ తెలుసు. నా హిందీ ప్రాథమిక పరీక్షతోనే ఆగిపోయింది కాబట్టి తలూపి సీసా చూపించా. తీసుకున్నాడు. మూత విప్పి మరలకేసి చూసి, నాకేసి చూశాడు. చీకట్లో పెట్టిన మూత అని ఓడ కట్టేవాడికి తెలియకుండా పోతుందా! దూది తాడు పేని, కారుతున్న ఆవకాయ నూనెలోనే ముంచి, మెడచుట్టూ మూడు చుట్లు చుట్టి, మూత బిగించి, సుత్తితో చుట్టూ సుతారంగా తట్టాడు. ఆపైన సీసాని తన తెల్లటి పొడుగు చొక్కా మీదే తలకిందులు చేశాడు. నేను కళ్లు మూసుకున్నా.

ఒక్క బొట్టు లేదు. వేలికంటింది నాకి, కాస్సేపాలోచించి, "నమక్ కమ్" అన్నాడు. ఉప్పు తక్కువట. ముప్పై ఏళ్లుగా నేననలేకపోయిన మాట.

మా ఆవిడ అక్క కొడుకు వచ్చి సీసా పట్టుకెళ్లాడు. ఇంటికొచ్చాక చొక్కా సంగతి అడిగితే, ఓడలకి చేపనూనె పూస్తుంటే తగిలిందన్నా. పూసేమాట నిజమే. ఆవిడ చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుంది. "చేపనూనెలో వెల్లుల్లి ఎప్పణ్ణించి వేస్తున్నారు?"

అప్పుడే ఫోను మోగింది. "బాబాయ్, ఈ మూత రావట్లేదు. రూములో ఆరుగురం పట్టాం. ఇంతకీ దీన్ని చివరిసారి తెరిచిందెవరు?"

ఫోను స్పీకర్లో ఉంది.