మహారాజశ్రీ సైనస్ బెలూన్ గారికి

మూసుకుపోయిన సైనస్ దారిని బెలూన్‌తో తెరిచే చికిత్స, మహారాజశ్రీ బెలూన్ సైనుప్లాస్టీ గారికి, రెండు రంధ్రాలూ మూసుకుపోయిన ఒక ముక్కు యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి అని రాయాలి కానీ, కుశలమంతా మీ వైపే ఉంది.

"కోత లేదు, కుట్టు లేదు, సాయంత్రానికి ఇంటికి." మెట్రో పిల్లర్ మీద మీరిచ్చిన మాట. నిన్న దాన్ని అక్షరాలా నిలబెట్టుకున్నారు. ముక్కును కోయలేదు, అడ్వాన్సులో మాత్రం ఓటీ (ఆపరేషన్ థియేటర్) ఛార్జీ పేరుతో కోశారు. కుట్టలేదు. సాయంత్రానికి ఇంటికి పంపేశారు. మధ్యలో చేయాల్సిన పని ఒక్కటే మిగిలిపోయింది.

పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టొద్దన్నారు, ముట్టలేదు. చేతికి సూది గుచ్చి, వెనకవైపు తాళ్లు కట్టుకోవాల్సిన ఆ ఆకుపచ్చ గౌను తొడిగి కూర్చోబెట్టారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక డాక్టరుగారు వచ్చి, నా సీటీ స్కాన్ ఫిల్మును లైటు మీద పెట్టారు. చూడటం అదే మొదటిసారి. "ఈయనకి పాలిప్స్ ఉన్నాయి కదమ్మా, బెలూన్ ఎలా పనిచేస్తుంది?" అన్నారు. నాతో కాదు, నర్సుతో. పాలిప్స్ అంటే ముక్కు లోపల పెరిగే మెత్తటి కండ.

ఆ స్కాన్ తీసింది మీ వాళ్లే. డబ్బు కట్టింది నేను. మీ కౌన్సెలర్ అమ్మాయి "అంకుల్, సింపుల్ ప్రొసీజర్, టెన్షన్ పడకండి" అని ప్యాకేజీ ఖాయం చేసినప్పుడు ఆ ఫిల్ము కవర్లోనే ఉంది. కవరు మాత్రం ఎవరూ విప్పలేదు.

మీ విద్యను తక్కువ చేయడం లేదండీ. 2005లో అమెరికాలో మీకు అనుమతి దొరికింది. సన్నటి తీగ మీద లోపలికి వెళ్లి, సైనస్ ద్వారం దగ్గర కొన్ని సెకన్లు ఉబ్బి, ఇరుకు దారిని వెడల్పు చేసి బయటికొచ్చేస్తారు. సైనస్‌లంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులు, నాలుగు జతలు. బుగ్గల వెనక, నుదుటి వెనక, తల లోపలెక్కడో ఉండే మూడో జత దగ్గరా మీరు మొనగాడే. అక్కడ తోసుకుని వెళ్లడానికి ద్వారం ఉంది. కళ్ల మధ్య ఉండే నాలుగో జతకు అలాంటిది లేదు, అన్నీ చిన్న చిన్న గదులే. వాటిని తెరవాలన్నా, పాలిప్స్ తీయాలన్నా ఎండోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టం పెట్టి చేసే ఫెస్ ఆపరేషన్ కావాలి. పిల్లర్ మీద ఈ ముక్క ఎక్కడుంది?

ఇంకో సంగతి. ఫెస్ కూడా ముక్కు రంధ్రంలోంచే చేస్తారు. ముఖం మీద గాటు పడదు. పై పెదవి ఎత్తి చిగురు పైన కోసే పద్ధతి పాత తరంది. ఆ తరాన్ని చూపించి ఈ తరాన్ని భయపెట్టడం దేనికి?

మీరైనా ఫెస్ అయినా, ఆ తర్వాత స్టెరాయిడ్ స్ప్రే కొట్టుకోవాలి, ఉప్పునీటితో ముక్కు కడుక్కోవాలి. పాలిప్స్ మళ్లీ రావచ్చు కూడా. ఇది చెబితే ప్యాకేజీ అమ్ముడుపోదనుకుంటాను.

మీ చుట్టాలకూ తలా ఒక మాట. మూసుకుపోయిన ముక్కు తెరిపించే చుక్కల సీసా, నీ దయ మూడు నాలుగు రోజులే. అలవాటైతే నువ్వే మళ్లీ ముక్కు మూసేస్తావు. బీమా నియంత్రణ సంస్థవారూ, 2019లో బెలూన్‌గారి పేరును ఆధునిక చికిత్సల జాబితాలో రాసి, కంపెనీలు కాదనకూడదన్నారు, సంతోషం. కంపెనీలు కాదనవు, పరిమితి పెడతాయి. ఆరోగ్య సంజీవని పాలసీలోనే బెలూన్‌గారికి ఇచ్చేది బీమా మొత్తంలో సగం దాటదు. కుళాయి నీళ్లు ముక్కులో పోసి కడిగే జలనేతి చేయమని సలహా ఇచ్చే బాబాయిగారూ, కాచి చల్లార్చిన నీళ్లండీ, కాచి చల్లార్చినవి.

మళ్లీ మీ దగ్గరికే వస్తున్నాను బెలూన్‌గారూ, ఎంత మర్యాదగా రాద్దామన్నా ఆ కవరే గుర్తొస్తోంది. స్కాన్ చూడకముందే తేదీ ఖాయం చేయడం ఫంక్షన్ హాలు వాళ్లు చేసే పని. ఎవరికి పనికొస్తారో, ఎవరికి పనికిరారో తేలకముందే నా దగ్గర డబ్బెలా తీసుకున్నారు? పనికిరారని తేలాక, నేను గుమ్మం కూడా తొక్కని ఓటీకి ఛార్జీ ఏమిటి? "సిస్టమ్‌లో అలాగే పడుతుంది సార్" అని కౌంటర్ దగ్గర కుర్రాడు అంటే, అరుద్దామన్నా ముక్కులోంచి గొంతు రాలేదు.

సోమవారం మళ్లీ ఆ కౌంటర్ దగ్గరికే వస్తున్నాను. పైసలతో సహా లెక్క చూసుకుంటాను. ఈసారి ఇడ్లీ, వడ, కాఫీ అన్నీ కానిచ్చి వస్తాను, ఎంతసేపైనా కూర్చుంటాను.

ఇట్లు,
నోటితో గాలి పీలుస్తున్న
మీ ప్యాకేజీ పేషెంటు