ట్రాన్స్‌ఫర్‌కి వెళ్లేవాళ్లను హైస్కూలు మార్కులు ఎందాకా వెంటాడతాయి?

రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీలో చేరి, అక్కడినుంచి యూనివర్సిటీకి మారితే (ట్రాన్స్‌ఫర్) చాలు, హైస్కూలు మార్కులు, అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా వచ్చినవి, ఇక ఎవరూ అడగరని అమెరికాలోని మనవాళ్లలో చాలామంది నమ్ముతారు. అందులో సగమే నిజం. అప్లికేషన్ పంపేనాటికి చేతిలో ఎన్ని క్రెడిట్లు ఉన్నాయన్న దాన్నిబట్టి మిగతా సగం తేలుతుంది.

కాలిఫోర్నియానే తీసుకుందాం. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లలో జూనియర్‌గా, అంటే మూడో ఏడాదిలో, చేరాలంటే 60 సెమిస్టర్ యూనిట్లు (క్రెడిట్లనే అక్కడ అలా అంటారు) కావాలి. జీపీఏ (నాలుగుకు లెక్కగట్టే గ్రేడ్ల సగటు) ఆ రాష్ట్రవాసులకు కనీసం 2.4, ఎఫ్-1 వీసా వాళ్లతో సహా బయటివాళ్లకు 2.8. ఆ 60లో ఇంగ్లిష్ కాంపొజిషన్ రెండు, మ్యాథ్స్ ఒకటి సహా ఏడు కోర్సులు తప్పనిసరి. ఈ దారిలో వచ్చేవాళ్ల హైస్కూలు గ్రేడ్లతో పనిలేదు. అదే కాల్‌స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ)కి 60 యూనిట్లు నిండకుండా వెళ్తే, ఫ్రెష్‌మన్‌కి (మొదటి ఏడాదిలో చేరేవాళ్లకి) ఉండాల్సిన హైస్కూలు అర్హతలు కూడా చూస్తారు. చాలా క్యాంపస్‌లు అలాంటివాళ్లను అసలు తీసుకోవు.

హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ వంటివి ట్రాన్స్‌ఫర్‌కి వచ్చేవాళ్లను కూడా హైస్కూలు ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల రికార్డు) అడుగుతాయి. ఇక్కడ గడువే కీలకం. ఆగస్టులో కాలేజీలో చేరి మార్చిలో అప్లై చేసేవాడి దగ్గర ఉండేది ఒక్క సెమిస్టర్ ఫలితం, మహా అయితే 15 క్రెడిట్లు. రెండో సెమిస్టర్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. నాలుగు నెలల చదువును నాలుగేళ్ల చదువు పక్కన పెట్టి చూసినప్పుడు ఏది ఎక్కువ తూగుతుందో చెప్పక్కర్లేదు. హైస్కూల్లో వెనకబడినవాళ్లు మొదటి ఏడాదిలోనే తొందరపడటం నా దృష్టిలో అప్లికేషన్ ఫీజు దండగ. రెండో ఏడాది పంపితే మూడు సెమిస్టర్ల గ్రేడ్లు చూపించుకోవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది మాత్రం డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ దగ్గర, అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు చదవడం దగ్గర. పదకొండో తరగతిలో సరదాగా తీసుకున్న కమ్యూనిటీ కాలేజీ కోర్సు హైస్కూలు ఖాతాతోనే పోదు, కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లోనూ ఉండిపోతుంది. లెక్క చూడండి: రెండు కోర్సుల్లో, అంటే 6 యూనిట్లలో సి (జీపీఏలో 2) వచ్చింది, తర్వాతి 54 యూనిట్లలో 3.7 తెచ్చుకున్నారు. మొత్తం కలిపితే 3.53. పోటీ ఎక్కువున్న మేజర్‌కి ఆ తేడా చిన్నదేమీ కాదు. చిత్రమేమిటంటే, కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో డి, ఎఫ్ వస్తే ఆ కోర్సు మళ్లీ చదివి గ్రేడు మార్చుకోవచ్చు. సి వస్తే మామూలుగా ఆ అవకాశం లేదు. ఆ పాత కాలేజీ పేరు రాయకుండా దాటేద్దామనుకోవడం ఇంకా ప్రమాదం. చదివిన ప్రతి కాలేజీనీ చూపాలన్నది నిబంధన, దాచినట్టు బయటపడితే సీటే పోతుంది.

హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల సంగతి వేరు. 3 లేదా ఆపైన స్కోరుకు యూసీ యూనిట్లు ఇస్తుంది, జీపీఏలో మాత్రం కలపదు. మొదటి కాలేజీ ఇచ్చిన ఏపీ క్రెడిట్ దానంతటదే కొత్త కాలేజీకి రాదు. ఆ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డు నుంచి స్కోరు మళ్లీ పంపించుకోవాలి.

ఇంటర్ ఇండియాలో చదివి అమెరికాలో బ్యాచిలర్స్ మధ్యలో కాలేజీ మారేవాళ్లను తొమ్మిది నుంచి పన్నెండు దాకా రికార్డులు అడిగే చోట్లున్నాయి. అప్పుడు పదో తరగతి, ఇంటర్ మెమోలు సరిపోవు. తొమ్మిదో తరగతి మార్కులు స్కూలు నుంచి తెప్పించుకోవాలి, సెలవుల్లో అయితే అదే ఆలస్యమవుతుంది. కాలేజీ అడగనిదే పదికి ఉన్న జీపీఏను నాలుగుకు మార్చి రాయొద్దు. మెమోలో ఎలా ఉంటే అలాగే నింపాలి.