టువామోటులో గొలుసుకు బోయాలు కట్టకుండా లంగరు వేయకండి

ఫ్రెంచ్ పాలినీషియాలోని టువామోటు దీవుల్లో ఒకటైన ఫకరవా లగూన్‌లో (పగడపు వలయం లోపలి సముద్రపు సరస్సులో) మాస్క్ పెట్టుకుని దిగి, ఆగి ఉన్న యాట్‌ల గొలుసుల వెంట ఈదుకుంటూ వెళ్లి చూడండి. చాలా చోట్ల గొలుసు పగడపు బండకు రెండు చుట్లు చుట్టుకుని కనిపిస్తుంది. ఒరుసుకున్న మేరా తెల్లటి గీతలు, కింద ఇసుకలో విరిగిన కొమ్మలు. ఆ బండల్లాంటి పగడం ఏడాదికి పెరిగేది దాదాపు ఒక సెంటీమీటరు. మీటరు ఎత్తు బండ అంటే వందేళ్లది. దాన్ని చెక్కేయడానికి గాలి తిరిగిన ఒక్క రాత్రి చాలు. ఫకరవాతో కలిపి ఏడు అటోల్స్ (ఉంగరంలాంటి పగడపు దీవులు) యునెస్కో బయోస్ఫియర్ రిజర్వ్‌లో ఉన్నాయి, అక్కడే ఈ పని జరుగుతోంది. చూస్తే ఒళ్లు మండుతుంది.

మన కోస్తాలో ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటాం కదా, అటోల్‌కి పాస్ అలాంటిదే. ఆ మొగలో దూరడానికి యాట్‌లవాళ్లందరూ రోజుల తరబడి లెక్కలు వేస్తారు. దక్షిణపు అలలు పగడపు దిబ్బ మీదుగా లగూన్‌లో పడి, ఆ నీరంతా మొగలోంచే బయటికి పోవాలి కాబట్టి ఆటుపోట్ల పట్టికను ఒక్కదాన్నే నమ్మకూడదని వాళ్లకు తెలుసు. ఇంత జాగ్రత్తగా లోపలికొచ్చినవాళ్లు లంగరు మాత్రం రెండు నిమిషాల్లో పడేసి బీచ్‌కి పోతారు. అంతకుముందు ఆగిన మార్క్వెసాస్ దీవుల్లో అలా చెల్లింది, ఎందుకంటే అక్కడి చిన్న అఖాతాల్లో అడుగు ఎక్కువగా ఇసుక, బురద. ఇక్కడ ఇసుకలా కనిపించే చోట కూడా మధ్యమధ్యలో బండలుంటాయి.

దీనికి విరుగుడు, గొలుసుకు బోయాలు (నీటిలో తేలే గట్టి బంతులు) కట్టి దాన్ని బండలకు తగలకుండా పైకి ఎత్తి ఉంచడం. 12 మీటర్ల లోతు, 10 మిల్లీమీటర్ల గొలుసు అనుకుందాం. సూర్యుడు నడినెత్తిన ఉండగా, ఒకరు అణియంలో (పడవ ముందు కొనలో) పోలరైజ్డ్ కళ్లద్దాలతో నిలబడి తెల్లటి ఇసుక మడి వెతకాలి. గోధుమరంగు మచ్చ కనిపిస్తే బండే. ఇసుక మీద లంగరు దించి, ఇంజిన్‌ని మెల్లగా రివర్స్‌లో నడిపి పట్టు చూసుకోవాలి. లంగరు నుంచి 15 మీటర్ల దగ్గర మొదటి బోయా, తర్వాత 6 మీటర్లకొకటి చొప్పున మరో నాలుగు. మొత్తం 60 మీటర్లు వదలాలి. ఈ గొలుసు నీటిలో మీటరుకి దాదాపు 2 కిలోలు తూగుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గట్టి బోయా 13 కిలోల దాకా ఎత్తుతుంది, కాబట్టి 6 మీటర్లు దానికి సరిపోయే బరువు. మొదటి బోయా అడుగు నుంచి మూడు నాలుగు మీటర్ల పైన నిలబడుతుంది, మిగతావి మెట్లలా పైకి వస్తాయి. చివరి బోయా నీటిపైన తేలుతున్నంత వరకు, చివరి 21 మీటర్లు గాలి లేనప్పుడు ఉయ్యాలలా వేలాడినా పదిన్నర మీటర్లకు మించి దిగవు, అడుగు తాకవు.

పడవ పక్కలకు కట్టే, గాలి నింపిన మెత్తటి ఫెండర్లు దీనికి పనికిరావు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై అవి సగానికి నలిగిపోతాయి, ఎత్తే శక్తీ సగమవుతుంది. ముత్యాల ఫారాల నుంచి కొట్టుకొచ్చిన గట్టి ప్లాస్టిక్ బోయాలు గాలి తాకే వైపు ఒడ్డున ఊరికే దొరుకుతాయి. వాటికి మీటరు తాడు, ఒక స్టీలు కారబినర్ (మూసుకునే కొక్కెం) చాలు.

ఒక నష్టం ఉంది, దాచను. బోయాలు గొలుసు బరువును తగ్గిస్తాయి కాబట్టి గాలి పెరిగితే అది తొందరగా బిగుసుకుంటుంది. అందుకే లోతుకి ఐదు రెట్ల గొలుసు, దాని కుదుపు మింగడానికి ఎనిమిది పది మీటర్ల నైలాన్ తాడు తప్పనిసరి. గాలి తక్కువగా ఉన్నప్పుడు బోయాల్లేని పక్క పడవ మీ పడవలా తిరగదు, దూరం పాటించాలి.

పగడం సంగతి పట్టనివాళ్లు తమ పడవ కోసమైనా వినాలి. ఆగ్నేయపు గాలికి మోటు (అటోల్ అంచున ఉండే చిన్న దీవి) చాటున హాయిగా ఉన్న చోటే, వాయుగుండపు ద్రోణి దాటి గాలి పడమరకు తిరిగిందంటే కిలోమీటర్ల మేర లగూన్ అలలకు ఎదురుగా నిలుస్తుంది. అప్పుడు బండకు చుట్టుకున్న 60 మీటర్ల గొలుసు 15 మీటర్ల గొలుసైపోతుంది. ప్రతి అలకీ అణియం పైకి లేవబోతే గొలుసు కిందికి లాగుతుంది. నైలాన్ తాడు తెగుతుంది, అణియంలో గొలుసు దొర్లే రోలర్ వంగుతుంది, కొన్నిసార్లు గొలుసే తెగుతుంది. చీకట్లో ఎటు చుట్టుకుందో కనబడదు, ఆ అలల్లో దిగి విప్పడం కుదరదు.

యాట్‌లు అద్దెకిచ్చేవాళ్లు లైఫ్ జాకెట్లతో పాటు ఐదు బోయాలు కూడా లెక్కగట్టి అప్పజెప్పాలి. సెయిలింగ్ స్కూళ్లు దీన్ని మొదటి పాఠాల్లోనే నేర్పాలి. కట్టుకోవడానికి సిద్ధంగా మూరింగ్ (అడుగున స్థిరంగా బిగించిన బోయా) ఉన్నచోట అసలు లంగరే వేయొద్దు.

లంగరు తీసేటప్పుడు పడవను మెల్లగా గొలుసు వైపు నడుపుతూ, విండ్‌లాస్ (గొలుసు లాగే యంత్రం) మీద బరువు పడకుండా లాగండి. బోయా రోలర్ దగ్గరికి రాగానే ఆపి, కారబినర్ విప్పి డెక్ మీద పెట్టి, ఆ తర్వాతే మళ్లీ బటన్ నొక్కండి. కారబినర్ విండ్‌లాస్ పళ్లలోకి వెళితే గొలుసు ఎగిరి మొత్తం మళ్లీ నీళ్లలోకి జారిపోతుంది, అడ్డుపెట్టిన వేళ్లు పోతాయి.